నవలా శిల్పం: ప్రశ్నలు - జవాబులు
(ఈసారి పురాణ కథల మీద నవల రాసేవాళ్ల కోసం)

ఇతిహాసాల మీద నవల మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవాళ్ల ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. రాసినవాళ్లలో చాలామంది పట్టుకున్నది భారతమే కాబట్టి ఉదాహరణలు కూడా ఎక్కువగా అందులోంచే ఇస్తున్నాం.

ప్రశ్న: కర్ణుడి మీద నవల రాస్తున్నాను. ఇంట్లో కవిత్రయ భారతం ఉంది. అది చాలా, సంస్కృత భారతం కూడా చూడాలా? నాకు సంస్కృతం రాదు.
– ఎస్.వి., తెనాలి

జవాబు: కవిత్రయాన్నే ఆధారం చేసుకుంటానంటే నిక్షేపంగా చేసుకోండి. చిక్కు అది కాదు. చేతిలో ఉన్నది కవిత్రయమే అయినా తలలో తిరిగే కథ వేరు. సినిమాలు, హరికథలు, నాటక పద్యాలు, టీవీ సీరియళ్లు అన్నీ కలగలిసి ‘భారతం’ అనే పేరుతో లోపల కూర్చుని ఉంటాయి. రాసేటప్పుడు ముందుగా బయటికొచ్చేది అదే.

మయసభ సంగతే చూడండి. ‘గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే’ అని ద్రౌపది అన్నట్టు మనందరికీ గుర్తు. సంస్కృత మూలంలో ఆమె నోట ఆ మాట లేదు. దుర్యోధనుడు నీళ్లలో పడితే భీముడు, తమ్ముళ్లు, సేవకులు నవ్వుతారు. ద్రౌపది, ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్లు కూడా నవ్వారని తర్వాత దుర్యోధనుడే తండ్రి దగ్గర చెప్పుకుంటాడు. ఆమె నిజంగా నవ్విందా, అవమానంలో ఉన్నవాడికి అలా వినిపించిందా? ఒక అధ్యాయానికి సరిపడా సరుకు ఇక్కడే ఉంది. సినిమా డైలాగు పెట్టేస్తే అది పోతుంది.

మీ కర్ణుడికి ఇంకా దగ్గరిది ఒకటి. స్వయంవరంలో ‘సూతుణ్ణి వరించను’ అని ద్రౌపది అన్న మాట కొన్ని రాతప్రతుల్లో ఉంది. పుణెలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థవారు వందలాది రాతప్రతులను పోల్చి, 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన పరిష్కృత ప్రతిలో ఆ మాటను ప్రధాన పాఠంలో ఉంచలేదు. మీ నవలలో కర్ణుడికి ద్రౌపది మీద ఉన్న కోపమంతా ఆ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంటే ఈ సంగతి ముందే తెలియాలి. తెలిశాక వాడుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం.

సంస్కృతం రాకపోయినా పని ఆగదు. 1883–96 మధ్య వెలువడిన గంగూలీగారి ఇంగ్లిషు వచనానువాదం అందరికీ అందుబాటులో ఉంది. దాని అధ్యాయాల సంఖ్యలు పుణె ప్రతి సంఖ్యలతో కలవవు. అందుకని నోట్సులో పర్వం, అధ్యాయంతో పాటు ఏ ప్రతి నుంచి తీసుకున్నారో కూడా రాయాలి. లేదంటే రెండేళ్ల తర్వాత ఒక్క వాక్యం కోసం పర్వమంతా తిరగేయాల్సి వస్తుంది.

నోట్‌బుక్‌లో పేజీని మూడు గళ్లు చేయండి. మొదటి గడిలో మూలంలో ఉన్నది, రెండో గడిలో తర్వాతి కాలంలో చేరినది, మూడో గడిలో మీరు కల్పించినది. ప్రతి సన్నివేశానికీ ఇలా రాసుకోండి. మూడో గడి పదే పదే ఖాళీగా ఉంటే మీరు చేస్తున్నది సంక్షిప్తానువాదం. మొదటి గడి ఖాళీగా ఉంటే పాత్రలకు పురాణం పేర్లు దేనికో ఆలోచించుకోవాలి.

రెండో గడిలో ఉన్నవన్నీ తీసిపారేయాల్సినవని మాత్రం అనుకోవద్దు. లక్ష్మణుడు గీత గీయడం వాల్మీకిలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. తెలుగు నవలకు అది కూడా మూలమే.

ప్రశ్న: కథ అందరికీ తెలిసిందే. చివరికి ఎవరు చస్తారో, ఎవరు గెలుస్తారో తెలిసిన నవలను ఎవరైనా ఎందుకు చదవాలి? ముగింపు మార్చేస్తే?
– పి.ఎల్., కరీంనగర్

జవాబు: ముగింపు మార్చినంత మాత్రాన కొత్తదనం రాదు. కర్ణుణ్ణి బతికిస్తే పాఠకుడు ఒక్కసారి ఉలిక్కిపడి, తర్వాత ‘ఇందులో ఏదైనా జరగొచ్చు’ అనుకుని పట్టించుకోవడం మానేస్తాడు. జరిగినదాన్ని ఉంచి, జరగడానికి కారణాన్ని మార్చడం మేలు. అంతకన్నా మేలు మూలం ఏమీ చెప్పకుండా వదిలేసిన చోటు వెతకడం.

సభాపర్వంలో ప్రాతికామి అనే సేవకుడు ఉన్నాడు. జూదం ముగిశాక ద్రౌపదిని తీసుకురమ్మని దుర్యోధనుడు ముందు విదురుడితో అంటాడు. విదురుడు వెళ్లకపోగా చీవాట్లు పెడతాడు. అప్పుడు ప్రాతికామిని పంపుతారు. అతను వెళ్తాడు. ‘ఆయన ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా? వెళ్లి అడిగి రా’ అంటుందామె. తిరిగొచ్చి సభలో అడుగుతాడు. ధర్మరాజు పలకడు. ఆమెనే ఇక్కడికొచ్చి అడగమను అంటాడు దుర్యోధనుడు. మళ్లీ వెళ్తాడు, మళ్లీ వస్తాడు. ఈసారి సభవైపు తిరిగి, ‘ఆమెకు ఏమని చెప్పను?’ అని అడుగుతాడు. ఈ సూతపుత్రుడు భీముడికి భయపడుతున్నాడని చెప్పి దుర్యోధనుడు దుశ్శాసనుణ్ణి లేపుతాడు. ఆ ఘట్టంలో ఇక ప్రాతికామి ఊసు లేదు.

మూలం చెప్పింది అంతే. సభకూ అంతఃపురానికీ మధ్య దారి ఎలా ఉంది, రెండోసారి నడిచేటప్పుడు అడుగులు నెమ్మదించాయా, ఆమె అన్నమాటను అన్నట్టే చెప్పాడా కాస్త మెత్తబరిచాడా, ఆ రాత్రి ఇంటికెళ్లి ఏం చెప్పాడు, ఇవేవీ లేవు. అదంతా మీ చోటు. హద్దులూ స్పష్టంగా ఉన్నాయి: అతను వెళ్లాలి, తిరిగిరావాలి, ఆమెను కాపాడలేకపోవాలి. పాఠకుడికి ఫలితం ముందే తెలుసు కాబట్టి అతని కళ్లన్నీ ఈ మనిషి మీదే ఉంటాయి.

అయితే ఇలాంటి ఖాళీ ఒక పెద్ద కథకో మూడు అధ్యాయాలకో సరిపోతుంది, మూడు వందల పేజీలకు చాలదు. నవల కావాలంటే రెండో పోగు కలవాలి. అది కూడా అక్కడే ఉంది. దుర్యోధనుడు ప్రాతికామిని ‘సూతపుత్రుడు’ అన్నప్పుడు కర్ణుడు అదే సభలో కూర్చుని ఉన్నాడు. ఒకే పుట్టుక పేరు మోస్తున్న ఇద్దరు, ఒకడు అంగరాజు, ఒకడు కబురు మోసేవాడు. అతని భయాన్ని వెక్కిరిస్తుంటే ఆ పేరు కర్ణుడి చెవిలో ఎలా పడిందన్నది నవలంత ప్రశ్న. ఖాళీ ఎంచుకున్నాక, దాని అంచు పెద్ద పాత్రలలో ఎవరికి తగులుతోందో ఇలా వెతకండి. ఎవరికీ తగలకపోతే అది కథానికే, నవల చేయొద్దు.

ప్రశ్న: యుద్ధం మొత్తం సంజయుడి చేత చెప్పిద్దామనుకుంటున్నాను. అన్నీ కనిపిస్తాయి కదా, సౌకర్యం.
– ఆర్.కె., అనంతపురం

జవాబు: ఆ సౌకర్యమే దెబ్బతీస్తుంది. అన్నీ కనిపించేవాడికి భయం ఉండదు, సందేహం ఉండదు. నాలుగు అధ్యాయాలు తిరిగేసరికి అతను క్రికెట్ కామెంటరీ చెప్పేవాడైపోతాడు.

మూలంలో సంజయుడు అలా లేడు. హస్తినలో కూర్చుని క్షణక్షణం చెప్పిన మనిషి అని మనకు అలవాటైపోయింది గానీ, భీష్మపర్వంలో అతను యుద్ధభూమి నుంచి వచ్చి ముందు భీష్ముడు పడిపోయాడన్న వార్త చెబుతాడు. పదో రోజు ముగింపు అది. ధృతరాష్ట్రుడు కూలబడ్డాక, ఎలా జరిగిందని అడిగితే అప్పుడు మొదటి రోజుకు వెళ్తాడు. శల్యపర్వంలో సాత్యకి చేతికి చిక్కి, కత్తి ఎత్తాక, వ్యాసుడు అడ్డొస్తే బతికి బయటపడతాడు. చావు అంచుదాకా వెళ్లినవాడు, చెడ్డ కబురును ఎలా మొదలుపెట్టాలో తెలియనివాడు, వినేవాడేమో తండ్రి. ఆ సంజయుడైతే పనికొస్తాడు. దివ్యదృష్టిని మాత్రం అవసరమైన చోటనే వాడండి.

ప్రశ్న: పాత్రలు వాడుక భాషలో మాట్లాడితే ‘పౌరాణిక వాతావరణం లేదు’ అంటున్నారు. గ్రాంథికం రాస్తే చదవలేమంటున్నారు. దారేది?
– టి.జి., విజయనగరం (ఇదే ప్రశ్న మరికొందరూ అడిగారు)

జవాబు: ‘నాథా! తమరేల ఇటుల చింతాక్రాంతులై యున్నారు?’ ఇది రంగస్థలం భాష. హార్మోనియం పక్కన ఉంటే నిలబడుతుంది, పేజీ మీద ఒంటరిగా నిలబడదు. ‘ఏంటి, టెన్షన్‌గా ఉన్నావ్?’ అన్నది రెండో కొస. ఈ రెండూ కాకుండా: ‘పొద్దుటి నుంచి ముద్ద ముట్టలేదు. ఎవరొచ్చి వెళ్లారు?’ ఇందులో పాత మాట ఒక్కటీ లేదు, కొత్త మాటా లేదు. వాతావరణం పదాల్లో కన్నా పాత్ర దేన్ని గమనిస్తోందన్నదాంట్లో ఎక్కువ ఉంటుంది.

పదాల దగ్గర ఒక్క జాగ్రత్త చాలు. ఇంగ్లిషు వద్దు. దర్బారు, ఖైదీ, సిపాయి, హుకుం లాంటివీ వద్దు. అవి వినగానే సుల్తానుల కాలం కళ్లముందుకొస్తుంది. రోజు, కబురు, జవాబు కూడా ఆ దారినే వచ్చినవి కదా అని వాటినీ ఏరేస్తే మాత్రం వాక్యం కుంటుతుంది. చదివేవాడి చెవికి ఒక కాలాన్ని గుర్తుచేసే మాట అయితే తీసేయండి, లేదంటే వదిలేయండి. నిఘంటువు పట్టుకుని శుద్ధి చేయడం మొదలుపెడితే నవల పూర్తి కాదు.

అసలు పని సంబోధనల దగ్గర ఉంది. మొదటి చిత్తుప్రతికి ముందే ఒక పట్టిక వేసుకోండి: ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, నువ్వా మీరా. సంస్కృతం ఈ విషయంలో మీకు పెద్దగా సాయపడదు, తెలుగులో మీరే తేల్చుకోవాలి. ద్రౌపది ధర్మరాజును ‘మీరు’ అని, భీముణ్ణి ‘నువ్వు’ అని పిలిస్తే ఆ ఇంటి సంగతులు సగం చెప్పినట్టే. తేల్చుకోకుండా రాసినవాళ్ల ప్రతుల్లో మూడో అధ్యాయంలో ‘నువ్వు’ ఏడో అధ్యాయానికి ‘మీరు’ అయిపోతుంది. ఎడిటర్లు ఎక్కువగా దిద్దేది ఇదే. కావాలని మార్చేట్టయితే నవల మొత్తంలో ఒక్కసారే, గట్టి సన్నివేశంలో మార్చండి.

ఉద్యోగపర్వంలో గంగ ఒడ్డున కుంతి వచ్చినప్పుడు కర్ణుడు నమస్కరించి, ‘రాధేయుణ్ణి, అధిరథుడి కొడుకుని’ అని చెప్పుకుంటాడు. ‘నువ్వు రాధేయుడివి కావు, కౌంతేయుడివి’ అంటుందామె. గొడవంతా ఆ రెండు వాక్యాల్లోనే వచ్చేసింది. అందుకే కర్ణుడి నవలలో కథకుడు అతణ్ణి ఇష్టమొచ్చినట్టు ఒకచోట రాధేయుడు, ఒకచోట అంగరాజు, ఒకచోట వైకర్తనుడు అంటే ఆ సన్నివేశానికి పదును మిగలదు. కథకుడికి ఒకే పేరు ఉంచి, మిగతా పేర్లన్నీ పాత్రల నోటికి వదిలేయండి.

ప్రశ్న: వయసులూ కాలాలూ కుదరడం లేదు. ఒక లెక్క చెప్పండి.
– ఎన్., నెల్లూరు

జవాబు: యుద్ధం జరిగిన ఏడాదిని సున్నాగా పెట్టుకుని అటూ ఇటూ లెక్కించండి. అరణ్యవాసం పన్నెండేళ్లు, అజ్ఞాతవాసం ఒక ఏడాది కాబట్టి జూదం సుమారు పదమూడేళ్లు వెనక్కి వెళ్తుంది. యుద్ధం తర్వాత ముప్ఫై ఆరో ఏట యాదవులు నశిస్తారు, ఆ వెంటనే మహాప్రస్థానం. జూదం నుంచి మహాప్రస్థానం దాకా రాస్తే దాదాపు యాభై ఏళ్లు. జూదం నాటికి ముప్ఫై ఏళ్లున్న పాత్ర చివరికి ఎనభైకి చేరువవుతుంది. చాలామంది నవలల్లో పాత్రలకు జుట్టు కూడా నెరవదు.

యుద్ధం పద్దెనిమిది రోజులకూ విడిగా ఒక కాగితం పెట్టండి. భీష్ముడు పది రోజులు, ద్రోణుడు ఐదు, కర్ణుడు రెండు, చివరి రోజు శల్యుడు. అభిమన్యుడు పదమూడో రోజు, సైంధవుడు పద్నాలుగో రోజు, ఆ రాత్రే ఘటోత్కచుడు, పదిహేడో రోజు కర్ణుడు. మీ పాత్ర ఏ రోజున ఎక్కడుందో దీని పక్కన రాసుకోండి.

దూరాల్లో ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. కేకయ రాజ్యం నుంచి భరతుడు రథం మీద అయోధ్యకు రావడానికి దారిలో ఏడు రాత్రులు పట్టిందని వాల్మీకి చెబుతాడు. అంటే దశరథుడు పోయాక దూతలు వెళ్లడానికీ అతను రావడానికీ కలిపి వారం దాటుతుంది. శవాన్ని నూనెలో ఉంచాల్సి రావడం, ఖాళీ సింహాసనం, ఊళ్లో పుకార్లు, అన్నీ ఆ ఆలస్యంలోంచి పుట్టినవే. మీ నవలలో ఎవరికీ ఏ కబురూ వెంటనే అందకూడదు. కాలం చెప్పాల్సి వస్తే ఘడియ అంటే 24 నిమిషాలు, ముహూర్తం 48 నిమిషాలు, జాము మూడు గంటలు. ‘రెండు నిమిషాల్లో వచ్చాడు’ అని రాయకండి.

అక్షౌహిణికి రథాలు 21,870, ఏనుగులు అన్నే, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350. పద్దెనిమిది అక్షౌహిణులంటే లెక్క 39 లక్షలు దాటుతుంది. ఈ అంకె మీకు తెలిసి ఉండాలి, పేజీలో అక్కర్లేదు. సారథికి కనిపించేది ముందున్న గుర్రాల చెవులు, దుమ్ము, దుమ్ముపైన తేలే ధ్వజాలు. అర్జునుడిది కపిధ్వజం, భీష్ముడిది తాటిచెట్టు. ఎవరి రథం ఎటు కదిలిందో ఆ ధ్వజాన్ని బట్టే తెలుస్తుంది. ధ్వజం కనబడకుండా పోయిన క్షణం రాస్తే లక్షల సైన్యం అక్కర్లేదు.

ప్రశ్న: తిండి, వస్తువుల విషయంలో ఏం జాగ్రత్త పడాలి?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: మిరపకాయ, టమాటా, బంగాళదుంప, వేరుశనగ, జామ, బొప్పాయి, మొక్కజొన్న, జీడిపప్పు, పొగాకు అన్నీ అమెరికా ఖండాల నుంచి 1492 తర్వాతే బయటి ప్రపంచానికి వచ్చినవి. విరాటుడి వంటింట్లో భీముడు కారం దంచకూడదు. మిరియాలు, అల్లం, పిప్పళ్లు ఉన్నాయి కదా. ఉత్తరాలు, కాగితాలు వద్దు, దూత నోటితో చెబుతాడు.

ఇల్లూవాకిలీ విషయంలో ముందే ఒక నిర్ణయం తీసుకోండి. 1950–52లో బి.బి. లాల్ హస్తినాపురంలో తవ్వకాలు జరిపినప్పుడు బూడిదరంగు మీద గీతలున్న మట్టిపాత్రల కాలపు పొరలో బయటపడినవి మట్టిగోడల ఇళ్ల ఆనవాళ్లు. కావ్యంలో ఉన్నవి రత్నఖచిత సభలు. కావ్య ప్రపంచం రాస్తారా, తవ్వకాల ప్రపంచం రాస్తారా? రెండూ మంచి నవలలే అవుతాయి. మట్టి అరుగు మీద కూర్చున్న రాజుకు వెనకాల స్ఫటిక స్తంభం పెడితే మాత్రం ఏదీ కాదు.

ప్రశ్న: శాపాలు, వరాలు, అస్త్రాలు ఉంచాలా, హేతుబద్ధంగా మార్చాలా?
– డి.ఎస్., గుంటూరు

జవాబు: ఏదైనా ఫర్వాలేదు, కానీ మొదటి అధ్యాయంలో ఏ పద్ధతి పట్టారో చివరిదాకా అదే. బ్రహ్మాస్త్రాన్ని రహస్య యుద్ధవిద్యగా మార్చి, కవచకుండలాలను మాత్రం పుట్టుకతో వచ్చినవిగా వదిలేసిన చిత్తుప్రతులు వస్తుంటాయి. చదివేవాడికి ఆ లోకంలో ఏది సాధ్యమో తెలియదు, తెలియకపోతే ప్రమాదం ప్రమాదంలా అనిపించదు.

ఉంచేవాళ్లకు అంతకన్నా పెద్ద చిక్కు ఉంది. కర్ణుడి చావుకు మూలంలో ఎన్ని కారణాలో చూడండి. అవసరానికి మంత్రం గుర్తురాదని పరశురాముడి శాపం, రథచక్రం కుంగుతుందని బ్రాహ్మణుడి శాపం, ఇంద్రుడికి ఇచ్చేసిన కవచకుండలాలు, పద్నాలుగో రాత్రి ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయిన శక్తి ఆయుధం, కుంతికి ఇచ్చిన మాట. ఇతిహాసం ఇవన్నీ మోయగలదు. నవలలో అన్నీ పేరిస్తే కర్ణుడు తనంతట తాను ఏమీ చేయనివాడవుతాడు, అన్నీ అతనికి జరిగిపోతాయి. ఒకదాన్ని ముందుకు తెచ్చి మిగతావాటిని ఒక్కో వాక్యానికి కుదించండి. మేమైతే కుంతికి ఇచ్చిన మాటనే ఎంచుకుంటాం. శాపాలు ఎవరో ఇచ్చినవి, ఆ మాట అతను ఇచ్చింది. తెలిసి ఇచ్చిన మాట కాబట్టి దాని తర్వాత ప్రతి రోజూ అతని ముందు ఒక ఎంపిక ఉంటుంది.

ప్రశ్న: నా నవలలో ఒక టీవీ సీరియల్‌లోని సన్నివేశం వాడుకున్నాను. పురాణం అందరిదీ కదా? ఎవరి మనసైనా నొచ్చుకుంటే కేసులు పడతాయా?
– వి.ఎం., హైదరాబాద్

జవాబు: పురాణం అందరిదే, సీరియల్ వాళ్లు కల్పించింది వాళ్లది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచనకు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. ఆధునిక అనువాదాలకూ ఇది వర్తిస్తుంది. వ్యాసుడి ఘట్టాన్ని వాడుకోవచ్చు గానీ ఈమధ్య అనువాదకులు రాసిన వాక్యాలను యథాతథంగా దించకూడదు. మొదట చెప్పిన మూడు గళ్ల నోట్సు ఇక్కడా అక్కరకొస్తుంది. మూలంలోనూ లేక, మీరు కల్పించిందీ కాకపోతే, అది ఎవరిదో తేలేదాకా ఆ సన్నివేశం పక్కన పెట్టండి.

ఇక రెండోది. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ మత భావాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానించడాన్ని నేరంగా చూస్తుంది. శిక్ష మూడేళ్ల దాకా ఉండొచ్చు. పాత్రను కొత్తగా చూపించడమే నేరమని సెక్షన్ అనడం లేదు. అయినా ఫిర్యాదు ఎవరైనా ఇవ్వొచ్చు కాబట్టి, అలజడి రేపే సన్నివేశాలు ఉంటే అచ్చుకు ముందు ప్రచురణకర్తతో, వీలైతే న్యాయవాదితో మాట్లాడండి. మీ నోట్సు తేదీలతో సహా దాచుకోండి.

ముందుమాటలో సంజాయిషీలు వద్దు. ఏ ప్రతిని ఆధారం చేసుకున్నారు, ప్రధానమైన కల్పనలు ఏవి అన్నది చెప్పండి, రెండు పేజీలు చాలు. కల్పనల జాబితా కథను ముందే బయటపెట్టేట్టుంటే దాన్ని పుస్తకం చివరికి మార్చి, ముందుమాటలో ఆధార ప్రతి పేరు ఒక్కటే ఉంచండి.